మా అవ్వ కొట్టిన కాలేజీ మిద్దె

మా చిన్నప్పుడు చినుకు పడిందంటే చాలు, నాయన అన్నం మధ్యలో లేచి కాలేజీకి పరుగెత్తేవాడు... కేజీఎఫ్‌లోని ఆ పాత రాతి కాలేజీలో ఆయన అటెండరు. పెద్ద హాల్లో ఈశాన్యం మూల కారేది. దాని కింద మా ఇంటి బొక్కెన తీసుకెళ్ళి పెట్టాలి. సెలవుల్లో నేనూ వెంట వెళ్ళేదాన్ని.

రాతి కమానులు, నిలువెత్తు కిటికీలు, తలెత్తితే టేకు దూలాలు... అంత హాలుకీ ఆ ఒక్క మూలే జబ్బు.

ఆ మిద్దె వేసిన కూలీల్లో నాయన తల్లి, మా అవ్వ కూడా ఉంది. దూలాల మీద ఇటుకలు పేర్చి, పైన సున్నమూ ఇటుక ముక్కలూ పరిచి, కరక్కాయా బెల్లమూ నానిన నీళ్ళు చల్లుతూ, ఆడవాళ్ళు వరుసగా కూర్చుని రోజుల తరబడి చెక్కలతో కొట్టారట. కొట్టిన చెక్క ఎగిరి వెనక్కి వస్తేనే మిద్దె గట్టిపడినట్టు. అవ్వ కూర్చున్నది ఈశాన్యం మూల. అప్పటికి ఆమెకు నిండు నెలలు. ఇంకో రెండు రోజుల పని ఉందనగా అక్కడే నొప్పులొచ్చాయి. పక్కవాళ్ళంతా పని వదిలి ఆమెను కిందికి దించారు... మబ్బు కమ్ముకొస్తోందని మేస్త్రీ ఆ మూలను అలాగే పూత పూసి మూసేశాడు.

ఆ రోజు పుట్టినవాడే మా నాయన.

"ఇంగ రొండు దినాలు కొట్టింటే సాలు, కారేదే లేదు," అనేది అవ్వ. తనే పైకెక్కి సరిచేస్తానని ఎన్నిసార్లు బతిమాలిందో.

"సుమ్నే ఉండమ్మా, అది సర్కారు బిల్డింగు. నన్ను పనిలోంచి తీసేస్తారు," అనేవాడు నాయన. పాపం, ఆయన మాత్రం ఏం చేయగలడు? అవ్వ ఆ మాట అనుకుంటూనే పోయింది.

మొన్న ఆ కాలేజీ పడగొట్టారు. కారుతోంది, ఇంక బాగుచేయలేమని రాసేశారట. "ఒక్క మూలే సార్, మిగతాదంతా గట్టిది," అని ముందే వెళ్ళి చెప్పాను. ఇంజినీరు తల ఊపాడు... అంతే. అర్జీ రాశాను, సంతకాలు పెట్టించాను. ఎవరికి పట్టింది?

పొద్దంతా జేసీబీ గుద్దినా మిద్దె కదల్లేదు. గేటు దగ్గర నిలబడి లోలోపల పొంగిపోయాను. సాయంత్రం డ్రైవరు దిగి, చుట్టూ తిరిగి, మెత్తటి చోటు కనిపెట్టాడు... ఆ మూల నుంచే మొదలుపెట్టాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి రాగానే నాయన అడిగాడు. ఎనభై దాటాయి ఆయనకు. "యాడనుంచి కొట్టినారమ్మా?"

"వాకిలి వైపు నుంచి నాయనా," అన్నాను.

"అట్లనా... మా అమ్మ కూచున్న తావునుంచి కాదు గదా. పోనీలే," అని పడుకున్నాడు.

మీవాళ్ళ చేతులు పడిన గోడో మిద్దెనో ఇంకా ఎక్కడైనా నిలబడి ఉంటే, ఒకసారి వెళ్ళి తాకి రండి... ఏ ఊళ్ళో ఉందో నాకూ చెప్పండి. చూపించడానికి నా దగ్గర ఆ బొక్కెన ఒక్కటే మిగిలింది.