గుప్పెడు తవుడుకి కొన్న బిడ్డ

గాలి సోకిందని, దిష్టి తగిలిందని ఎవరైనా అంటే విసుక్కునేదాన్ని నేను. నా పనే అలాంటిది. గరివిడి దగ్గర పల్లెలో ఆశా కార్యకర్తను. జ్వరమొస్తే తాయెత్తు కట్టి కూర్చునేవాళ్ళను ఆస్పత్రికి లాక్కెళ్ళడమే నా ఉద్యోగం. నేను కూడా దెయ్యాలను నమ్మితే ఆ ఇళ్ళలో నా మాట ఎవరు వింటారు? చదివింది పదో తరగతి వరకే గానీ ఈ విషయంలో మాత్రం గట్టిదాన్ని. ఇప్పుడు చెప్పేది దెయ్యం సంగతి కూడా కాదు. ఏ సంగతో నాకే తెలీదు.

మా వీధిలో గౌరి అని ఒకమ్మాయి ఉంది. చుట్టరికం లేదు గానీ మా వైపు అక్కను పిలిచినట్టు నన్ను అప్పా అని పిలుస్తుంది. తనకు మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. రెండో బిడ్డ పుట్టి, పురిటి స్నానం కాకుండానే పోయింది. మూడోసారి నెల తప్పిందని తెలిసినప్పటి నుంచి నేను తనను వదల్లేదు. స్కానింగుకు చీపురుపల్లి తీసుకెళ్ళాను. ఐరన్ మాత్ర మింగిందో లేదో చూడ్డానికి వాళ్ళ గుమ్మంలో కూర్చునేదాన్ని. మరో పక్క సర్వేలు, ఫోన్లో ఫొటోలు ఎక్కించడం, సిగ్నల్ లేక ఎవరి మేడో ఎక్కి నిలబడడం. సాయంత్రానికి కాళ్ళు నావి కావు. అయినా ఈ బిడ్డ దక్కాలని ఒకటే పట్టు.

ఆస్పత్రిలోనే కాన్పు అయింది. ఆడపిల్ల. బరువు కాస్త తక్కువే గానీ బాగానే ఉందని ఇంటికి పంపారు.

ఇంటికి రాగానే గౌరి అత్త సూరమ్మ, పిల్లను తవుడుకి అమ్మాలంది. మా వైపు ఇది మామూలే. పిల్లలు దక్కనివాళ్ళు, పుట్టిన బిడ్డను చేటలో వేసి పెంటకుప్ప మీద పెడతారు. పిల్లలున్న పరాయి మనిషి గుప్పెడు తవుడిచ్చి ఆ బిడ్డను కొనుక్కోవాలి. ఇంక అది వాళ్ళ బిడ్డ కాదు కాబట్టి దేవుడు తీసుకుపోడని నమ్మకం. మా ఊళ్ళలో తవిటయ్యలు, తవిటమ్మలు అంతమంది ఉన్నది అందుకే.

కొనడానికి నన్ను అడిగారు. నాకు మూడో తరగతి చదివే కూతురుంది. సరేనన్నాను గానీ పెంట మీద మాత్రం పెట్టనివ్వనన్నాను. పచ్చి బొడ్డు, చీము పడుతుంది. అరుగు మీద ఉతికిన గుడ్డ పరిచి చేట పెట్టమన్నాను.

సూరమ్మకు నచ్చలేదు. "పెంట మీద ఎట్టకపోతే దేవుడికి అనుమానం వొస్తాది కదే."

"దేవుడికి నేను సెప్పుకుంటాన్లే అత్తా."

ఆమె నవ్వి, చేట అరుగు మీదే పెట్టింది. మా గేదెకు పెట్టే కుండలోంచి తెచ్చిన గుప్పెడు తవుడు ఆమె చేతిలో పోసి, ఈ పిల్ల ఎవరిదని అడిగాను. అలా అడగాలి.

"ఎవుల్దో మాకు తెల్దు. కొన్నావు గదా, అట్టుకుపో," అంది.

పిల్లను ఎత్తుకుని వీధి గుమ్మం దాకా వెళ్ళి, తిరిగొచ్చి గౌరి ఒళ్ళో పెట్టాను. నా బిడ్డే, నువ్వు పెంచు అన్నాను. గౌరి ఏడ్చింది. నాకు మాత్రం అవతల సర్వే ఉంది. మాత్రల పెట్టె సర్దినట్టే ఇదీ ఒక పని అనుకుని, సంచి తగిలించుకుని వెళ్ళిపోయాను.

కొన్నాళ్ళకు పీహెచ్‌సీలో మీటింగ్. ముసురు పట్టిన రోజు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మా సూపర్‌వైజర్ మేడమ్ ఎవరెవరి సర్వేలు పెండింగ్ ఉన్నాయో చదువుతున్నారు. నాకు కునుకు వస్తోంది.

ఉన్నట్టుండి రొమ్ముల్లో సూదులు గుచ్చినట్టయింది. బిడ్డకు పాలిచ్చిన ఏ ఆడదానికైనా అదేమిటో తెలుస్తుంది. పాలు చేపుకొస్తున్నాయి. నా కూతురు పాలు మానేసి ఏళ్ళయింది. కిందికి చూసుకుంటే రవిక తడి.

పక్కన కూర్చున్న అప్పలకొండ, పక్క ఊరి ఆశా, నా వైపు వంగింది. "ఏటే, నీళ్ళు ఒలకబోసుకున్నావా?"

కొంగు కప్పుకుని బాత్రూంలోకి వెళ్ళాను. నీళ్ళు కాదు. పాలే.

భయమేసింది. ముందు నా కూతురే గుర్తొచ్చింది. బడికి ఫోన్ చేశాను. బాగానే ఉంది, ఆడుకుంటోంది అన్నారు. అప్పటికీ పాలు ఆగలేదు. అప్పుడు చేట గుర్తొచ్చింది. మేడమ్‌కు ఒంట్లో బాగోలేదని చెప్పి ఆటో ఎక్కాను.

గౌరి ఇంట్లో అంతా మామూలుగా ఉంది. గౌరి నిద్రపోతోంది, రాత్రంతా మేలుకుందట. సూరమ్మ పొయ్యి దగ్గర ఉంది. పిల్ల ఉయ్యాల్లో ఉంది. పొద్దున్న అంత చలిలో తలంటి, సాంబ్రాణి పొగ వేశారట.

"బంగారు తల్లి. పొద్దున్నించి ఏడుపే నేదు, పాలే అడగనేదు," అంది సూరమ్మ మురిపెంగా.

ఆ మాటకు సంచి అక్కడే పడేసి ఉయ్యాల దగ్గరకు వెళ్ళాను. అరికాళ్ళు ముట్టుకున్నాను, చల్లగా ఉన్నాయి. చెయ్యి ఎత్తి వదిలితే పీలికలా వాలిపోయింది. గౌరిని లేపి రొమ్ము పట్టిస్తే చప్పరించలేదు. గౌరి గుండెల మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా పిల్లను పడుకోబెట్టి పైన దుప్పటి కప్పాను. 108కి ఫోన్ చేశాను. పాలు పిండమంటే గౌరికి చుక్క రావడం లేదు.

సూరమ్మ నా తడిసిన రవిక వైపు చూసింది. "నువ్వు కొన్నదానివే గదమ్మా. నువ్వియ్యి."

ఇంకొకరి పాలు పట్టకూడదని మేమే చెబుతాం. అయినా ఆ క్షణాన నా చెయ్యి హుక్కుల మీదకు వెళ్ళింది. కానీ అప్పటికే నా దగ్గర ఏమీ లేదు. ఎంత నొక్కినా రాలేదు. అంతలో గౌరి "అప్పా" అంది. తనకు వచ్చాయి. ఉగ్గుగిన్నెలో పట్టి చుక్క చుక్కగా పెదవి మీద వేశాను. అంబులెన్స్ వచ్చేసరికి పిల్ల గుటక వేసింది.

జిల్లా ఆస్పత్రిలో ఒంట్లో చక్కెర బాగా పడిపోయిందన్నారు. చివరిసారి పాలు ఎప్పుడు తాగిందని డాక్టరు అడిగితే మేం ఎవరమూ చెప్పలేకపోయాం. ఆయన వెంటనే పనిలో పడ్డారు. కొన్ని రోజులు అద్దాల గదిలో ఉంచి పంపారు. తవిటమ్మ ఇప్పుడు పాకుతోంది.

తర్వాత పీహెచ్‌సీ డాక్టరమ్మకు చూపించుకున్నాను. కడుపు లేదు. రక్త పరీక్షలో తేడా లేదు. ఒక్కోసారి అలా వస్తాయి అన్నారావిడ. వస్తాయేమో. కానీ ఆ మధ్యాహ్నమే ఎందుకొచ్చాయి? మళ్ళీ ఎన్నడూ రాలేదెందుకు? తడిసిన రవికను అప్పలకొండ, సూరమ్మ కళ్ళారా చూశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే కలగన్నానని నేనే అనుకునేదాన్ని.

మొన్న చివరి వీధి నుంచి ఒకావిడ వచ్చింది. కోడలికి వచ్చే నెలలో కాన్పు, ఇంతకుముందు ఇద్దరు పోయారు. ఈ బిడ్డను కూడా నువ్వే కొనమ్మా, నీ చెయ్యి మంచిదంటున్నారు అంది. బొట్టు పెట్టి మరీ అడిగింది. ముందు ఆస్పత్రిలో కాన్పు కానివ్వండి, తర్వాత చూద్దాం అన్నాను.

ఆమె వెళ్ళిపోయినా నేను అక్కడే కూర్చుండిపోయాను. అసలే ఒళ్ళు అలిసిపోయి ఉంది. కొన్న ప్రతి బిడ్డకూ ఇలా పాలు చేపుకొస్తే, ఊరిలో ఎంతమంది పిల్లలకని ఈ ఒంట్లో చోటుంటుంది?