ఎడమచేతి మెలి

నేను కరీంనగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పదహారేళ్ళుగా ఇదే పని. సీసా మీద పేరూ టైమూ లేకపోతే దాన్ని ముట్టుకోను. ఎవరైనా దయ్యాన్ని చూశామంటే, ముందు హిమోగ్లోబిన్ చూపించుకోమంటాను. రక్తం తక్కువైన వాళ్ళకు చాలా కనిపిస్తాయి. కాబట్టి ఇది చదివి నన్ను ఆ లెక్కలో వేయకండి. నేను చెప్పేది పట్టపగలు జరిగింది. ఆ రోజు నాకు జ్వరం లేదు, నిద్ర చాలకపోవడం లేదు, ఉపవాసమూ లేదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఆ రోజు నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

మా బాపు, అంటే నాన్న, సిరిసిల్లలో నేత పని చేసేవాడు. నేను పదో తరగతిలో ఉన్నప్పటి దాకా ఇంట్లో గుంట మగ్గం ఉండేది. తర్వాత దాన్ని తీసేసి సాంచెల మీదికి పోయాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచెలు అంటారు. అరవై నాలుగేళ్ళ వయసులో కూడా ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, పన్నెండేసి గంటలు ఆ చప్పుడులో నిలబడేవాడు. చెవులు సగం పోయాయి. దగ్గు మొదలైతే ఆగేది కాదు. ఎక్స్‌రే తీయించి డాక్టర్‌కు చూపిస్తే, ఆ దుమ్ములో ఇంకో రెండేళ్ళు ఉంటే ఊపిరితిత్తులు మిగలవు అన్నాడు. నా ఇంటికి రమ్మంటే బాపు రాడు. వచ్చి ఏం చేయాలి అంటాడు.

అందుకే ఒక మ్యూజియం సంగతి తెలిసినప్పుడు ఎగిరి గంతేశాను. కరీంనగర్ నుంచి కొండగట్టు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. ఒక పెద్ద భవనంలో అద్దాల బీరువాలు పెట్టే రకం కాదు. ఊళ్ళలో పాడుబడ్డ ఇళ్ళను రాయి రాయిగా విప్పి, నంబర్లు వేసి, లారీల్లో తెచ్చి ఆరుబయట మళ్ళీ కట్టారు. ఆదిలాబాద్ గోండుల మట్టి ఇల్లు, పెద్దపల్లి వైపు కుమ్మరి ఇల్లు, ఇత్తడి బొమ్మలు పోసే వాళ్ళ కొలిమి, ఒక నేత ఇల్లు. ఆ నేత ఇంట్లో సందర్శకుల ముందు మగ్గం నేసే మనిషి కావాలన్నారు. పగలు ఆరు గంటల పని, నెల జీతం. బాపుకు చెప్పకుండా నేనే దరఖాస్తు పెట్టాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత ఒప్పుకున్నాడు.

ఇన్‌చార్జి మేడమ్ ఒక షరతు పెట్టింది. ఫలానా రోజు సాయంత్రం నాలుగింటికి కమిటీ వాళ్ళు చూడటానికి వస్తారు, అప్పటికి మగ్గం ఆడుతూ ఉండాలి. ఆడకపోతే బొమ్మను పెట్టేస్తారు. ఆ బొమ్మ అప్పటికే వచ్చేసింది. మీసాలు, తలపాగా పెట్టుకున్న ప్లాస్టర్ నేతగాడు, ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని గది మూలలో నిలబడి ఉన్నాడు. వాడికి దగ్గు రాదు, జీతమూ అక్కర్లేదు. మా బాపు పోటీ వాడితో.

ఇక్కడ నేత పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోయినప్పుడు బట్ట కోస్తారు కానీ, ఆ పడుగు కొసలను అచ్చులో, అంటే పోగులు దూరే దువ్వెనలాంటి చట్రంలో, అలాగే వదిలేస్తారు. కొత్త పడుగు తెచ్చి, దాని పోగులను ఒక్కొక్కటిగా ఆ పాత కొసలకు మెలిపెట్టి అతుకుతారు. అలా అతికితేనే కొత్త పడుగు అచ్చులోకి దూరి వస్తుంది. కాబట్టి మగ్గాన్ని ఎప్పుడూ ఖాళీగా ఉంచరు, అమ్మినా కొసలు వదిలే అమ్ముతారు. ఈ మ్యూజియానికి మగ్గం అమ్మిన ముసలాయన కూడా అలాగే వదిలాడు. వీళ్ళు దాన్ని చెత్త అనుకుని కత్తిరించబోతుంటే బాపు చూసి ఆపాడు. లేకపోతే అంతే సంగతులు.

మా ఇంట్లో అతికే పని అవ్వది, మా అమ్మను మేం అలాగే పిలిచేవాళ్ళం. బాపు నేస్తాడు, అవ్వ అతుకుతుంది. నలభై ఏళ్ళలో ఆయన ఒక్క పడుగు అతికింది లేదు. అవ్వది ఎడమచేతి వాటం. పోగు జారకుండా వేళ్ళకు కాస్త బూడిద రాసుకుని, రెండు కొసలు కలిపి ఒక్కసారి మెలిపెట్టి పడుకోబెట్టేది. నేర్చుకుంటానని దగ్గర కూర్చుంటే పుస్తకం చేతికిచ్చి తరిమేసేది. తన పని ఎవరికీ నేర్పలేదు, తన నొప్పి ఎవరికీ చెప్పలేదు. ఊరందరి రక్తం పరీక్ష చేసే నాకు తన రక్తం ఇవ్వడానికి ఆమెకు తీరిక దొరకలేదు. ఇచ్చిన రోజు ఆ రిపోర్టు నేనే చూశాను. అప్పటికే ఆలస్యమైంది. ఇది జరిగే నాటికి ఆమె పోయి రెండేళ్ళు.

కమిటీ వచ్చే రోజు అతకడానికి సిరిసిల్ల నుంచి లచ్చవ్వ అనే ఆమెను మాట్లాడుకున్నాం. ఉదయం ఎనిమిదికి రావాలి. పది దాటినా రాలేదు. ఫోన్ స్విచాఫ్. పదకొండు వందల పోగులు. చేయి తిరిగిన మనిషికే పొద్దంతా పట్టే పని.

చివరికి బాపే కూర్చున్నాడు. వేళ్ళకు బూడిద కావాలన్నాడు. ఐదు పొయ్యిలున్న మ్యూజియంలో చిటికెడు బూడిద దొరకలేదు. అన్నీ చూపించడానికి కట్టిన పొయ్యిలే, ఒక్కటీ ఎప్పుడూ వెలిగించలేదు. కొలిమిలో కూడా ఎర్ర బల్బు పెట్టారు. ప్రతి గోడ మీదా ముట్టుకోరాదు అని బోర్డు మాత్రం ఉంది. నేను ఇల్లిల్లూ తిరిగి ఉత్త చేతులతో వచ్చాను.

ఒంటి గంటకు లెక్కపెడితే కుడివైపు అంచున ఎనభై చిల్లర అతుకులు ఉన్నాయి. సగం లాగితే ఊడుతున్నాయి. బాపు అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాతోని కాదు బిడ్డా. గా బొమ్మనే కూసోబెట్టుకోమను."

ఆ మాటకు నాకు ఏడుపు రావాలి. కోపం వచ్చింది. లచ్చవ్వ మీద, మేడమ్ మీద, బాపు మీద, అందరికంటే ఎక్కువ అవ్వ మీద. ఈ ఒక్క పని ఆయనకు నేర్పి పోతే నీ సొమ్మేం పోయేది అని మనసులో తిట్టాను. నిజం చెప్పాలంటే పైకే తిట్టాను. బాపుకు వినపడలేదు.

అన్నం తిని వచ్చాక మేడమ్‌కు చెప్పేద్దామని ఆయన్ని లేపాను. వాచ్‌మన్ రాజయ్య మా ముందే తలుపుకు తాళం వేశాడు. అప్పుడు ఒంటి గంట ఐదు నిమిషాలు. క్యాంటీన్‌లో బాపు రెండు ముద్దలు తిని చేయి కడిగేశాడు. ఊరికే కూర్చున్నాం. తిరిగి వచ్చేసరికి రెండుంబావు. రాజయ్య అరుగు మీదే కూర్చుని టిఫిన్ డబ్బా మూత పెడుతున్నాడు. లేచి తాళం తీశాడు.

పడుగు మొత్తం అతికి ఉంది.

మొదట నాకు అర్థం కాలేదు. పొద్దున నుంచి పీచులా వేలాడిన కొసలు ఇప్పుడు ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చాపలా పరిచి ఉన్నాయి. లచ్చవ్వ వచ్చిందా అని రాజయ్యను అడిగాను.

"ఎవ్వరు రాలే మేడం. నేను గీ అరుగు మీదికెల్లి లేవనే లేవలే. తాళంచెవి నా జేబులనే ఉన్నది."

ఆయన మీద అరిచాను. వెనక తలుపు ఉందా అని ఇల్లు చుట్టూ తిరిగాను. లేదు. గోడ పైన ఒక గవాక్షి ఉంది, దానికి ఇనుప కడ్డీలు. పిల్లి కూడా దూరదు. తర్వాత దారిలో ఉన్న కెమెరా రికార్డింగ్ కూడా అడిగి చూశాను. డెబ్బై నిమిషాలూ రాజయ్య అరుగు మీదే ఉన్నాడు. తలుపు తెరుచుకోలేదు.

నేను ఇలా గొడవ పడుతుంటే బాపు మగ్గం దగ్గర వంగి అతుకుల మీద వేళ్ళు పోనిస్తున్నాడు. కుడి అంచు నుంచి ఎడమ అంచు దాకా. మధ్యలో ఆగి, మళ్ళీ వెనక్కి వచ్చి, మళ్ళీ పోనిచ్చాడు.

"మెలి ఎడమకున్నది. గిది మీ అవ్వ చెయ్యి."

మగ్గం గుంటలోకి కాళ్ళు పెట్టి కూర్చుని, నన్ను అవతలి వైపు పడుగు పట్టుకోమన్నాడు. మెల్లగా లాగాం. అతుకులన్నీ అచ్చులోంచి ఇవతలికి వచ్చాయి. ఆయన వేసిన వాటిలో కొన్ని ఊడాయి. మిగతా వాటిలో ఒక్కటీ తెగలేదు. నాలుగింటికి కమిటీ వచ్చింది. పది నిమిషాలు చూసి, బాపుతో ఫోటోలు దిగి వెళ్ళిపోయారు. బొమ్మను ఎక్కడికో తీసుకుపోయారు. బాపుకు పని దొరికింది. ఇప్పుడు దగ్గు చాలా తగ్గింది.

అతుకులున్న ముక్క చివరకు కోసి పారేసేదే. దాన్ని అడిగి ల్యాబ్‌కు తెచ్చుకున్నాను. మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. బాపు అతుకుల్లో మెలి ఒక వైపుకు, మిగతా వాటిలో దానికి ఎదురు వైపుకు. పదకొండు సార్లు, పదకొండు చోట్ల నుంచి తీసి చూశాను. ఎదురు మెలి ఉన్న ప్రతి దానిలో బూడిద రేణువులు ఉన్నాయి. బాపు వేసిన వాటిలో లేవు.

లచ్చవ్వ మర్నాడు వచ్చి క్షమించమంది. కూతురికి నొప్పులొస్తే పెద్దపల్లి ఆస్పత్రిలో ఉందట. ఆమెది కుడిచేతి వాటం. అయినా డెబ్బై నిమిషాల్లో వెయ్యి అతుకులంటే నాలుగు సెకన్లకు ఒకటి. అవ్వ బతికుండగా కూడా అంత వేగం లేదు.

నాకు నిజంగా బాధ కలిగించేది ఇది కాదు. అవ్వ పోయినప్పటి నుంచి నాకు ఒక్కసారి కలలో కూడా రాలేదు. ఫోటో దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. నవ్వకండి. నాలాంటిదే అలా చేసింది. ఆమె వస్తే గిస్తే ఆయన పని చేసి పెట్టడానికి వచ్చింది, చేసి వెళ్ళిపోయింది. నేను క్యాంటీన్‌లో పప్పు చల్లారిందని సణుగుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత మగ్గం మీద పడుగు మూడుసార్లు మారింది. లచ్చవ్వనే పిలుస్తున్నాం. కానీ బాపు ఆమెను పొద్దున రానివ్వడు, మధ్యాహ్నం తర్వాతే రమ్మంటాడు. దాంతో పని రెండో రోజుకు పోతుంది. పొద్దున తనే పాత కొసలూ కొత్త కొసలూ పరిచి, ఇంటి నుంచి తెచ్చిన బూడిద పక్కన పెట్టి, తాళం వేయించి అన్నానికి వెళ్తాడు. సగం దినం దండగ అని నేను కేకలేస్తాను. జర సేపే గదా బిడ్డా అంటాడు. మూడుసార్లూ ఏమీ జరగలేదు. మూడుసార్లూ నేను సెలవు పెట్టి వెళ్ళాను.

అది ఎలా జరిగిందో నాకు తెలియదు. ఆ ఒక్కసారే ఎందుకు జరిగిందో అసలే తెలియదు. ల్యాబ్ రిపోర్టులో రాయాల్సి వస్తే ఏమీ తేలలేదని రాస్తాను.

మొన్న మూడోసారి, బాపు బయటికి వెళ్ళాక నేను మగ్గం దగ్గర కూర్చుని వేళ్ళకు బూడిద రాసుకుని ఒక్క పోగు అతికాను. కావాలనే వంకరగా, ముడి వేసి అతికాను. మేం ఏ పని తప్పుగా చేసినా అవ్వ ఊరుకునేది కాదు. అవతలికి జరుగు అని విప్పి తనే మళ్ళీ చేసేది. తాళం వేయించి బాపు వెంట వెళ్ళి రెండు గంటలు కూర్చున్నాను. తిరిగి వచ్చాక బాపు కంటే ముందు నేనే లోపలికి వెళ్ళాను.

నా ముడి నేను వేసినట్టే ఉంది. మూడింటికి లచ్చవ్వ వచ్చి దాన్ని తెంపి మళ్ళీ అతికింది.