పెళ్లికూతురి పక్కన నడిచినాయన

పాత మిర్రర్‌లెస్ కెమెరాకీ కొత్తదానికీ తేడా ఏంటని అడిగినవాళ్లకి నేను ఇన్నాళ్లూ రాజోలు చర్చిలో తీసిన ఓ పెళ్లి చూపించేవాణ్ణి. ఆ రోజు రెండూ నా మెళ్లోనే ఉన్నాయి. కొత్తదాని ఆటోఫోకస్ పెళ్లికూతురి ముఖం పట్టుకుంటే గుమ్మం నుంచి పాస్టర్‌గారి ముందుదాకా వదల్లేదు. పాతది మాటిమాటికీ పక్కవాళ్ల మీదకి పోయేది.

ఇవాళ ఆ అమ్మాయే స్టూడియోకి వచ్చింది. మొన్న ఆదివారం వాళ్ల నాన్నగారు పోయేరట.

"నాన్నగారి జ్ఞాపకార్థం చర్చిలో పెట్టే ఆదరణ కూడికకి ఫ్లెక్సీ వేయించాలండీ. నాన్నగారు నన్ను చెయ్యి పట్టుకుని నడిపించేరు కదా, అందులోంచి ఆయన్ని ఒక్కరినీ తీసివ్వండి" అంది.

అన్నీ తెరిచి చూసేను. ప్రతి ఫొటోలోనూ ఆ అమ్మాయి కనురెప్పలు లెక్కపెట్టొచ్చు. అరడుగు వెనకున్న ఆయన మాత్రం మసక.

"మీ దగ్గర ఇంకో కెమెరా కూడా ఉంది కదండీ, అందులో?"

ఉండేవి. ఫోకస్ తప్పి ఆయన మీద పడినవి నాలుగైదు ఉండేవి. పనికిరావని ఆ సాయంత్రమే నేనే డిలీట్ చేసేను.

"లేవమ్మా" అన్నాను. ఎందుకు లేవో చెప్పలేకపోయేను.

ఏ కెమెరా మంచిదో ఇక నన్నడక్కండి. మీరైతే ఆ అమ్మాయికి చెప్పేవారా?