మూత తెరిచి ఉన్నప్పుడు

మేము తయారుచేసిన స్పెక్ట్రోగ్రాఫ్ కొండమీది పెద్ద టెలిస్కోపుకు అమరిందనీ, మొదటి నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీసిందనీ మొన్న ఫోనుకు కబురూ, ఒక ఫోటోనూ వచ్చాయి. నాచారం వర్క్‌షాపులో అందరూ మిఠాయి తిన్నారు. నేనూ తిన్నాను. ఆ రంగుల పట్టీని చూస్తే సంతోషం కలగాలి, కలగలేదు. దుఃఖమూ కలగలేదు. ఆ యంత్రం లోపలి గ్రేటింగును మా మామ బిగించిన మధ్యాహ్నం మాత్రం గుర్తుకొచ్చింది.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ఉప్పల్‌లో తాతల పొలం కాలనీగా మారిపోయాక లేతు పనిలో చేరి, క్రమంగా అద్దాలు బిగించే పనికి వచ్చినవాడు. గ్రేటింగ్ అంటే వెలుగును రంగులుగా విడదీసే, కంటికి ఆనని గీతలున్న గాజుపలక. తుడిస్తే పాడవుతుంది, నోటి తుంపర పడితే మచ్చ మిగులుతుంది. కనుక దాని పెట్టె మూత తెరిచి ఉన్నంతసేపు ఆ గదిలో ఎవరూ మాట్లాడకూడదు. చెప్పవలసింది ఉంటే చెయ్యెత్తాలి. మూత మూసిన తర్వాతే నోరు తెరవాలి. కాలేజీ చర్చాపోటీల నుంచి నేరుగా అక్కడ పనిలో చేరిన నాకు ఈ నియమం అన్యాయంగా తోచింది. మూతికి మాస్కు ఉండగా మౌనం కూడా ఎందుకని వాదించాను. మామ ఓపికగా విని, "కాలేజీల మాట్లాడి మస్తు కప్పులు తెచ్చినవ్ బిడ్డా. గీడ నోరు మూసుకో, దానికి కప్పు నేనిస్త" అన్నాడు. అందరూ నవ్వారు, వాదనలో ఓడినట్లు నేను మాత్రం ఒప్పుకోలేదు.

అప్పుడు అమ్మమ్మ ఉప్పల్‌లోనే దవాఖానాలో ఉంది. ఆ మధ్యాహ్నం అమ్మ నాకు ఫోన్ చేసింది. "అమ్మమ్మకు ఊపిరాడుతలేదు. కొడుకేడి, కొడుకేడి అని ఒక్కతీరుగ అడుగుతున్నది. మామను జల్ది తోల్కరా." తెల్లకోటు, టోపీ, మాస్కు తొడుక్కుని గదిలోకి వెళ్లాను. మూత తెరిచి ఉంది. గాజుపలకకూ లోహపు చట్రానికీ మధ్య మామ అప్పుడే జిగురు నింపాడు. అది బిగుసుకునేదాకా అన్ని వైపులా సందు సమంగా ఉండేటట్లు సరిచూస్తూ ఉండాలి. వదిలి వెళ్తే పలక ఒక పక్కకు వాలి అలాగే గట్టిపడుతుంది. మళ్లీ ఊడదీయడం కుదరదు, అలాంటి పలక మరొకటి మా దగ్గర లేదు. నేను చెయ్యెత్తాను. మామ చూశాడు. పొద్దున దవాఖానా నుంచే పనికి వచ్చినవాడు. ఆ చెయ్యి దేనికో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. నా కళ్లలోకి కాసేపు చూసి, ఆగమని అరచెయ్యి చూపి, మళ్లీ పలక మీదికి వంగాడు. ఎత్తిన చెయ్యి దించాలని నాకు తోచలేదు.

మూత మూశాక అతని మొదటి మాట, "ఉన్నదా?"

"ఉన్నది మామా. నిన్నే అడుగుతున్నది."

"నడువ్."

ఉప్పల్ చౌరస్తాలో బండ్లు కదలలేదు. మేం వార్డుకు చేరేసరికి అమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. "ఇప్పుడే పాయె తమ్మీ" అంది. మామ ఏడవలేదు.

"నన్నడిగితే ఏం చెప్పినవక్కా?"

"తొవ్వల ఉన్నడని చెప్పిన."

కర్మలయ్యాక మామ పనికి వచ్చి ఆ సందు కొలిచాడు. అన్ని వైపులా సమంగానే ఉంది. "మంచిగనే ఉన్నది" అన్నాడు. ప్రతి విషయానికీ రెండు పక్షాలుంటాయనీ, ఏ పక్షమిచ్చినా నిలబడి మాట్లాడాలనీ కాలేజీలో నాకు నేర్పారు. ఆ రోజు పలక దగ్గర ఆగడం సరైనదేనా అన్న విషయంలో రెండు పక్షాల తరఫునా నేనే మాట్లాడి చూసుకున్నాను, రెండూ గెలుస్తున్నాయి. ఆ గదిలో నేను ఎంతసేపు నిలబడ్డానో గడియారం చూసుకోలేదు. అందుకే కాబోలు, ఆ నిలబడటం ఎప్పుడు ముగిసిందో ఇవాళ్టికీ చెప్పలేను.