సీన్ నది మెట్ల మీద మామ్మగారి చెప్పులు

ఆ రోజుల్లో, అంటే రాజమండ్రిలో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో కొత్తగా చేరిన రోజుల్లో, నాకు భయం లేని పని ఒక్కటే, అబద్ధం ఆడటం. మిగతా అన్నిటికీ భయమే. మండపేట నుంచి ఒక రైస్ మిల్లు ఆసామి (ఆఫీసులో అందరం మిల్లుగారనే వాళ్ళం) చుట్టాలతో కలిసి ఇరవై రెండు మంది పారిస్ చూసొస్తామని వచ్చి, "నువ్వు ఇదివరకు వెళ్ళావా అబ్బాయ్?" అని అడిగితే, "నాలుగుసార్లండి" అని తడుముకోకుండా చెప్పేశాను. నిజానికి ఫ్రాన్సుకి సంబంధించి నేను చూసిందల్లా యానాం ఒక్కటే (అదీ ఎందుకు చూశానో పెద్దల ముందు చెప్పుకునే సంగతి కాదు). మా ఓనరుకి నిజం తెలుసు. తెలిసే నన్ను పంపాడు. "వీడియోలు చూసి బట్టీ పట్టెయ్. తిరిగొచ్చేటప్పుడు ఒక్క మనిషి తగ్గినా కొవ్వూరులోనే దిగిపో. గోదారి బ్రిడ్జి దాటి ఇటు మాత్రం రాకు" అన్నాడు.

బట్టీ బాగానే పట్టాను. విజయ తోరణం, మోనాలిసా ఉన్న మ్యూజియం, నోటర్‌డామ్ చర్చి, ఐఫిల్ టవర్, అన్నీ వరసగా నోటికొచ్చేశాయి. తీరా బస్సులో మైకు పట్టుకున్నాక తెలిసింది, కట్టడాలకి నా వరస తెలియదని. "కుడివైపు చూడండి" అంటే ఎడమవైపు వచ్చేది. ఇరవై రెండు తలలూ అటు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగేవి. అరచేతుల్లో చెమటకి మైకు జారిపోతుండేది. ముందు సీట్లో మిల్లుగారి అమ్మగారు (అందరం మామ్మగారనే వాళ్ళం) నన్నే చూస్తూ కూర్చునేవారు. "మా అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళబ్బాయ్. నీ మీద నమ్మకంతోనే తీసుకొచ్చాను" అని మిల్లుగారు రోజుకోసారి గుర్తు చేసేవారు. ఆ మాట వింటే నాకు అన్నం సయించేది కాదు.

మూడో రోజు మధ్యాహ్నం ఐఫిల్ టవర్ ఎక్కి దిగాం. అందరూ టవర్ని చిటికెన వేలితో పట్టుకున్నట్టు ఫొటోలు తీసుకుంటుంటే నేను తలలు లెక్కపెట్టాను. ఇరవై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై ఒకటే. మామ్మగారు లేరు. ఆవిడ ఫోను కొడుకు సంచిలో ఉంది. "ఇక్కడే ఉండండి, బస్సు ఎక్కడాగిందో చూసొస్తాను" అని ఇంకో అబద్ధం పారేసి పరుగెత్తాను. అంతమంది తెల్లవాళ్ళలో వెంకటగిరి చీర కట్టుకున్న మనిషి కనబడకపోవడమేంటి? ఐస్‌క్రీము బండి దగ్గర లేరు, లిఫ్టు దగ్గర లేరు. ఎవర్నైనా అడగాలంటే నా ఇంగ్లీషు వాళ్ళకి రాదు, వాళ్ళ ఫ్రెంచి నాకు రాదు. రోడ్డు దాటి నది గట్టుకి వచ్చాను. అక్కడ, కిందికి దిగే రాతి మెట్ల మొదట్లో, మామ్మగారి గోధుమరంగు చెప్పుల జత. పక్కపక్కనే, బుద్ధిగా. మనిషి లేదు.

పై ప్రాణాలు పైనే పోయాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు గుర్తొచ్చింది ఆవిడ కాదు, కొవ్వూరు స్టేషన్లో పెట్టె పట్టుకుని నిలబడ్డ నేను. ఆ తర్వాతే ఆవిడ ముఖం గుర్తొచ్చింది. చతికిలబడి, కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే ఒక్కో మెట్టూ జారుతూ దిగాను. నీళ్ళ వైపు చూడాలంటే భయం, చూడకుండా ఉండాలంటే ఇంకా భయం.

చిట్టచివరి మెట్టు మీద, గోడ చాటున, మామ్మగారు పాదాలు నీళ్ళలో పెట్టుకుని నెత్తిన నీళ్ళు చల్లుకుంటున్నారు.

"మామ్మగారూ!"

"అరవకు బాబూ, మావాడు వింటాడు."

"చెప్పులు పైన వదిలేశారేంటండీ? నేను... మీరు..."

"నదిలోకి చెప్పులేసుకుని దిగుతారేంటి? గోదారైతే దిగుతావా?"

నాకు ఏడుపొచ్చింది. చిన్న ఏడుపు కాదు, వెక్కి వెక్కి. పక్కనుంచి పోతున్న పడవలో జనం చేతులూపారు. మామ్మగారు తడి చేత్తోనే నా ముఖం తుడిచి, "నువ్వీ ఊరు ఇదే మొదటిసారి కదూ?" అన్నారు.

"అవునండి."

"మొదటిరోజే అనుకున్నాను. చెయ్యి ఒకవైపు చూపిస్తావు, మేడ ఇంకోవైపు వస్తుంది." గొంతు తగ్గించారు. "నాకూ భయంగానే ఉంది బాబూ. ఒక్కదాన్నే ఇలా దిగానని తెలిస్తే మావాడు ఇంక గడప దాటనివ్వడు. నా సంగతి నువ్వు చెప్పకు, నీ సంగతి నేను చెప్పను."

పైకొచ్చేసరికి మిల్లుగారు పాలిపోయిన ముఖంతో ఎదురొచ్చారు. "ఎక్కడికెళ్ళావమ్మా? గుండె ఆగిపోయిందనుకో!"

"ఈ బాబు నది చూపిస్తానని తీసుకెళ్ళాడ్రా" అన్నారు మామ్మగారు, చెప్పులు సర్దుకుంటూ. "నాలుగుసార్లు వచ్చినవాడు కదా, అన్నీ తెలుసు." నా వైపు చూసి నవ్వను కూడా లేదు.

ఆ తర్వాత ఆ ఊరికి నిజంగానే చాలాసార్లు వెళ్ళాను. ఇప్పుడు నేను చెయ్యి చూపించిన వైపే కట్టడాలొస్తున్నాయి. మైకు జారదు, కిటికీలోంచి చూడాలనీ అనిపించదు. అప్పుడప్పుడు ఆ మెట్ల మీద కూర్చుని ఏడ్చిన కుర్రాడి మీద కాస్త అసూయ కలుగుతుంది. పారిస్‌ని మొదటిసారి చూసింది వాడే కదా. పిచ్చివెధవ, కళ్ళ నిండా నీళ్ళతో వాడికి ఏమీ కనబడలేదు.