గోడ వెనక సిలిండరు

ఎనభైల మొదట్లో, ఇంజనీరింగ్ చదివి వచ్చిన ఉద్యోగం వదులుకుని, మరో ఇద్దరితో కలిసి తిరుపతిలో ఒక చిన్న సంస్థ పెట్టాను. పల్లెల్లో గోబర్ గ్యాస్ తొట్లు కట్టించడం మా పని. పొగతో నిండిన వంటిళ్లను మేమే మార్చేస్తామని నమ్మకం. ఆ నమ్మకంలో సగం గర్వమే.

మొదటి తొట్టి పలమనేరు దగ్గర పల్లెలో కట్టాం. ఆ ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లిద్దరే. కోడలు మూడు ఆవుల్ని మేపి, పాలు పోసి ఇల్లు నడిపేది. అత్తకు పొగ పడక ఎప్పుడూ కళ్లు నీళ్లు కారేవి. గుంత తవ్విన రోజు నుంచి కోడలు మాతో సమానంగా మట్టి మోసింది. తొట్టి మీద ఇటుకలతో గుమ్మటం కట్టి, పేడ నీళ్లు నింపి, వంటింట్లోకి గొట్టం వేశాక, "మీ అత్తకు ఇంక పొగ బాధ ఉండదమ్మా" అని ఆమెకు మాటిచ్చాను.

మాకు డబ్బు సాయం చేసే పెద్దమనుషులు మద్రాసు నుంచి చూడటానికి వస్తామన్నారు. తొందరపడి తేదీ చెప్పింది నేనే. పలమనేరు చలిలో పేడ పులిసి గ్యాసు తయారవడానికి వారాలు పడుతుందని నాకు తెలుసు. రెండు రోజుల ముందు వెళ్లి గొట్టం మర తిప్పి చూస్తే అగ్గిపుల్ల ఆరిపోయింది తప్ప మంట రాలేదు. ఇంకా టైము పడుతుందని వాళ్లకు చెబితే సరిపోయేది. చెప్పలేదు. తిరుపతిలో టిఫిన్ హోటలు నడిపే స్నేహితుణ్ని అడిగి ఒక వంటగ్యాసు సిలిండరు తెచ్చాను. కోడలు పాలు పోయడానికి వెళ్లిన వేళ, వంటింటి గోడ వెనక కొట్టంలో గడ్డి కింద దాన్ని పెట్టి, గొట్టానికి కలిపాను.

పెద్దమనుషులు వచ్చారు. కోడలు కొత్త చీర కట్టుకుని పొయ్యి వెలిగించింది. మంట కాస్త పసుపుగా ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. ఆమె పాలు కాచి అందరికీ కాఫీ ఇచ్చింది. అత్త పొయ్యికి దగ్గరగా వంగి, "పొగే లేదే" అని రెండుసార్లు అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. వాళ్లను సాగనంపడానికి ఊరంతా రోడ్డు మీదికి వెళ్లినప్పుడు సిలిండరు విప్పి జీపులో పడేశాను.

వారం తర్వాత కోడలు తిరుపతిలో మా ఆఫీసుకు వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చిందట. చేతిలో స్టీలు డబ్బా ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తప్పు నాదేనప్పా. నువ్వు అంత బాగా వెలిగించి చూపించి పోతివి. ఆ సాయంత్రమే నా చేతిలో చెడిపోయినాది. నేను యాడ తప్పుగా తిప్పినానో ఏమో. ఎవురికీ చెప్పలేదు. కోపం చేసుకోవద్దు."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. అయినా నా నోట వచ్చిన మాట వేరు.

"ఆ తిప్పేది మెల్లగా తిప్పాలమ్మా. చూస్తాలే, ఏదో చేస్తాను."

ఆమె తల ఊపింది. డబ్బా నా బల్ల మీద పెట్టింది. ఆవు ఈనిందట, జున్ను తెచ్చింది. ఆమె వెళ్లాక మూత తీస్తే పొగ వాసన వచ్చింది. కట్టెల పొయ్యి మీదే వండింది. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. మిగిలినదానికి మూత పెట్టేశాను.

ఎండలు ముదిరాక గ్యాసు దానంతట అదే వచ్చింది. కబురు తెలిసి ఆ పల్లెకు వెళ్లాను. ఈసారి మంట నీలంగా ఉంది. కోడలు సంతోషంగా, "నువ్వే బాగు చేసినావు గదా" అంది. ఇక ఆగలేకపోయాను. సిలిండరు సంగతి, బల్ల దగ్గర చెప్పిన అబద్ధం, మొత్తం చెప్పేశాను.

ఆమె అరవలేదు. పొయ్యి కట్టేసి చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నాకు చెప్పి ఏం లాభమప్పా? రెండు నెల్లుగా మా అత్త నన్ను తిడతానే ఉండాది, చెడగొట్టినావని. పోయి ఆమెకి చెప్పు."

వెళ్లి చెప్పాను. ముసలామె మంచం మీద కూర్చుని మొత్తం విన్నది. నా వైపు చూడలేదు. వంటింటి వైపు తిరిగి, "ఆ పిల్లని అనరాని మాటలన్నానే" అంది, అంతే. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. కాసేపు నిలబడి రోడ్డు మీదికి వచ్చేశాను.

ఆ తర్వాత చాలా ఊళ్లలో తొట్లు కట్టాం. మంట దానంతట అది వచ్చేదాకా ఎవరినీ పిలవలేదు. కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఈ కథ చాలాసార్లు చెప్పాను. ప్రతిసారీ, "నాకు తెలిసిన ఒక ఇంజనీరు" అనే చెప్పాను.