పట్టీ కుట్టని సంచి

దెయ్యాలూ భూతాలూ అని ఎవరైనా మొదలుపెడితే నాకు ముందు నవ్వొచ్చేది, తర్వాత ఒళ్లు మండేది. కలకత్తాలో ఖిదిర్‌పూర్ పేటలో ఒక చిన్న బడిలో పద్దెనిమిదేళ్లుగా సైన్సు చెబుతున్నాను. బడి వెనక గదిలో ఎవరో ఏడుస్తున్నారని పిల్లలు బెంబేలెత్తిపోతే, అందర్నీ వెంటబెట్టుకుని వెళ్లి, పగిలిన కిటికీలోంచి గాలి ఎలా కూస్తుందో చూపించినదాన్ని. ఇప్పుడూ నమ్మను. నమ్మగలిగితే కాస్త ఏడ్చి ఊరుకునేదాన్నేమో.

ఇది రాయడం మా ఆయనకి ఇష్టం లేదు. ఎవరు నమ్ముతారు అంటాడు. నమ్మకపోతే పోయారు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. మా అప్ప నాకన్నా పన్నెండేళ్లు పెద్దది. నాన్న ఇక్కడి డాక్‌లో కూలీ. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆయన పోయాడు, పదేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్ప పక్కనే ఉన్న మెటియాబ్రుజ్‌లో పిల్లల ఫ్రాకులు కుట్టే కార్ఖానాలో చేరి, ముప్పై ఏళ్లు మిషను తొక్కింది. నన్ను చదివించింది, పెళ్లి చేసింది. తను మాత్రం చేసుకోలేదు. అడిగితే, "నీకు సేసినాను కదే, ఇంటికి ఒక పెళ్లి సాల్దేటి?" అని నవ్వేసేది.

కార్ఖానాలో తన మిషనుకి ఎదురుగా గోడ మీద ఒక పాత క్యాలెండర్ ఉండేది. దాని మీద జలపాతం బొమ్మ. ఏడాది అయిపోయినా, ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచినా అప్ప దాన్ని తీయనివ్వలేదు. చదువుకునే రోజుల్లో నేను బడి నుంచి అన్నం క్యారేజీ పట్టుకెళితే, సూదిలో దారం ఎక్కిస్తూ ఆ బొమ్మ వైపు చూపించేది. "ఎప్పుడైనా ఆ నీళ్ల కింద నిలబడాలే చిట్టీ. బట్టలన్నీ తడిసిపోవాల" అనేది. హౌరాలో రైలెక్కి పలాసలో దిగడం తప్ప ఆమెకి ఇంకో ప్రయాణం తెలీదు.

రెండేళ్ల కిందట ఆయాసం మొదలైంది. అన్నేళ్లు పీల్చిన నూలు దుమ్ము ఊరికే పోతుందా? పని మానిపించి మా ఇంటికి తెచ్చుకున్నాను, మిషనుతో సహా. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ప్రయాణం చేయొచ్చా అని అడిగాను. చేయొచ్చు, చూపించాలనుకున్నవేవో ఇప్పుడే చూపించండి అన్నాడు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు. అప్పకి చెప్పలేదు.

కిందటేడు వేసవి సెలవులకి కారు మాట్లాడాం. నేను, మా ఆయన, పద్నాలుగేళ్ల కూతురు, తొమ్మిదేళ్ల కొడుకు, అప్ప. మొత్తం ఐదుగురం. కలకత్తా నుంచి జంషెడ్‌పూర్, అక్కడ ఒక రాత్రి. తర్వాత రాంచీ, దాని చుట్టూ ఉన్న జలపాతాలు. తిరుగుదారిలో ఒడిశాలో కియోంఝర్ వైపు అడవిలో ఇంకో జలపాతం. దాని పక్కన ఒకే ఒక్క లాడ్జి. ఆ ఫొటో చూడగానే పాత క్యాలెండర్ గుర్తొచ్చి, నోట్సులో ఆ పేరు కింద రెండు గీతలు కొట్టాను.

మా ఆయన వేళాకోళం చేశాడు. "మే నెలలో జలపాతమేంటి? బకెట్లు పట్టుకెళ్లి మనమే పోసుకోవాలి" అన్నాడు. వానాకాలం దాకా ఆగితే నీళ్లుంటాయని నాకూ తెలుసు. అప్పటిదాకా అప్ప ఉంటుందో లేదో తెలీదు.

అప్ప సంబరం చూడాలి. కార్ఖానా నుంచి తెచ్చుకున్న ఫ్రాకుల ముక్కల మూట విప్పి, ప్రయాణానికని ఒక భుజం సంచి మొదలుపెట్టింది. పసుపు మీద చిలకలున్న ముక్క, ఎర్రచుక్కల ముక్క, గళ్లది ఒకటి. పక్కన తన ఆయాసం పంపు పెట్టుకోవడానికి చిన్న జేబు, దానికి మూడు బొత్తాలు, మూడూ మూడు రకాలు. బజారు నుంచి ఒళ్లు తుడుచుకునే పొడవాటి గమ్చా గుడ్డ ఒకటి తెప్పించుకుంది. దాన్ని ఐదు తువ్వాళ్లుగా కత్తిరిస్తుందట.

"తడిసినాక తలలు తుడుసుకోవద్దేటి? ఒక్కో మూల ఒక్కో రంగు దారం ఏస్తాను. ఎవులిది ఆలకి తెలాల" అంది. నాకు ఆకుపచ్చ, మా ఆయనకి నీలం, పిల్లలకి ఎరుపూ పసుపూ, తనకి తెలుపు.

మావాడు ఆమె మిషను చుట్టూ తిరుగుతూ, "పెద్దమ్మా, ఝర్నా కింద నేనూ నువ్వూ ఫస్ట్" అనేవాడు.

ఇక అసలు సంగతి.

ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం, పొద్దున్న పదకొండు గంటలు. మా ఆయన పిల్లల్ని జుట్టు కత్తిరించడానికి తీసుకెళ్లాడు. నేను వంటగదిలో స్టూలు మీద కూర్చుని నోట్సు ముందు పెట్టుకుని లాడ్జీలకి ఫోన్లు చేస్తున్నాను. పక్క గదిలో అప్ప మిషను చప్పుడు వినిపిస్తోంది. జంషెడ్‌పూర్, రాంచీ అయిపోయాయి. జలపాతం దగ్గరి లాడ్జికి చేశాను. కలకత్తా నుంచి మాట్లాడుతున్నాను, ఐదుగురం, రెండు గదులు కావాలి అన్నాను.

అవతల పెద్దాయన గొంతు. ఒడియా కలిసిన హిందీ. ఖిదిర్‌పూర్ నుంచేనా అని అడిగాడు. నేను ఆ మాట అనలేదు. ఫోన్‌లో నా నంబరు తప్ప ఇంకేమీ తెలిసే వీల్లేదు. అవునన్నాను. ఆయన తేలిగ్గా నవ్వాడు. "మీ అక్కగారు పోయిన వారం వచ్చారు కదమ్మా. చెల్లెలు ఫోన్ చేస్తుందని చెప్పారు. సంచి మరిచిపోయారు, దాచి ఉంచాను" అన్నాడు.

ఇంకెవరో అనుకుని మీరు పొరబడ్డారు అన్నాను. ఆయన ఆనవాళ్లు చెప్పాడు. సన్నగా పొడుగ్గా ఉంటారు, కుడిచేతి చూపుడువేలి గోరు చీలి ఉంటుంది అన్నాడు. సూది దిగి చీలిన గోరు అది, నా చిన్నప్పుడే. "గది తీసుకోలేదు, ఒక్కరే వచ్చారు, మిగతా నలుగురూ వెనకాల కారులో వస్తున్నారన్నారు. మెట్లన్నీ ఎక్కడా ఆగకుండా దిగి వెళ్లారు, నీళ్లలో నిలబడ్డారు, తిరిగి ఎక్కి వచ్చి, చీకటి పడేదాకా రోడ్డు వైపే చూస్తూ అరుగు మీద కూర్చున్నారు. మీరెవరూ రాలేదు. నేను లోపలికెళ్లి లాంతరు తెచ్చేసరికి ఆవిడ లేరు." ఇదీ ఆయన చెప్పింది.

మా ఇంటి మెట్లు పది. అప్ప వాటిని రెండుసార్లు కూర్చుని ఎక్కుతుంది.

ఇదేదో మోసం అనుకున్నాను. గొంతు పెంచి, సంచి ఫొటో పంపండి చూద్దాం అన్నాను. రెండు నిమిషాల్లో వాట్సాప్‌లో వచ్చింది. పసుపు మీద చిలకలు. ఎర్రచుక్కలు. గళ్లు. మూడు రకాల బొత్తాలు. భుజానికి తగిలించుకునే పట్టీ నల్ల జీన్సు గుడ్డది.

లేచి పక్క గదిలోకి వెళ్లాను. అదే సంచి మిషను సూది కింద ఉంది. దానికింకా పట్టీ లేదు. నా మొహం చూసి అప్ప పాదం ఆపింది.

"ఏటే, అలగున్నావు? పట్టీకి ఏ గుడ్డ ఎయ్యాలో తెలట్లేదు. పిల్లదాని పాత జీన్సు ఉంది కదా, నల్లది. అది సింపేదా? గట్టిగుంటాది" అంది.

నేను సైన్సు టీచర్ని కదా, వెంటనే లెక్కలు వేశాను. ఆ లెక్కలే నా కొంప ముంచాయి. అప్ప ఒక్కతే చేరింది. మిగతా నలుగురూ చేరలేదు. ఆ దారి నిండా ఖనిజం లారీలే. మా నలుగురికీ, నా పిల్లలిద్దరికీ, ఆ దారిలో ఏదో అవుతుంది. అది నాకు ముందే తెలిసింది. నమ్మనిదాన్ని, ఆ పది నిమిషాల్లో పూర్తిగా నమ్మేశాను. ఫోన్‌లోంచి ఆ ఫొటో తీసేశాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు కారు వద్దని చెప్పేశాను. ఇంట్లో వాళ్లకి ఏం చెప్పాలి? నిజం చెబితే మా ఆయన నవ్వుతాడు, నవ్వి బయల్దేరదీస్తాడు. అందుకే అబద్ధం చెప్పాను. డాక్టరు ఫోన్ చేశాడు, అప్పకి కొండల మీద గాలి పడదట, ప్రాణానికే ప్రమాదమట అన్నాను. ఎన్ని అబద్ధాలు లేవు లోకంలో! నా పాడు నోటికి అదే దొరికింది.

మావాడు కాళ్లు నేలకేసి కొట్టి ఏడ్చాడు. "నీ వల్లే పెద్దమ్మా!" అని అరిచాడు. వాణ్ణి కొట్టాను. అప్ప అడ్డం వచ్చింది. "ఆడన్నదాన్లో తప్పేటుంది? మీరెల్లి రండే. నానిక్కడ పక్కింటోలతో ఉంటాను" అంది. మా ఆయన కూడా అదే మంచిదన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పలేదు. సెలవులన్నీ మూతులు ముడుచుకుని ఇంట్లోనే గడిపాం.

అప్ప సంచిని మళ్లీ సూది కింద పెట్టలేదు. మడతపెట్టి, కత్తిరించని గమ్చాతో పాటు మిషను పెట్టెలో పెట్టేసింది. తన రోగం వల్ల పిల్లల సెలవులు పాడయ్యాయని ఆమెకి బెంగ. వాడికి ఇష్టమని రోజూ ఏదో ఒకటి వండబోయేది, ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడిపోయేది. నాకు చెప్పాలని నోటిదాకా వచ్చేది. చెప్పలేదు.

జూలైలో మంచాన పడింది. ఆఖరి రోజు మధ్యాహ్నం మా వీధిలో మోకాలి లోతు నీళ్లు. కిటికీ తియ్యమంది. తీశాను. చాలాసేపు వాన చూసింది.

"ఈపాటికి అక్కడ నీళ్లు బాగా వొచ్చుంటాయి కదే" అంది.

ఊఁ అన్నాను. నాలుగు గంటలకి పోయింది.

దుర్గాపూజ సెలవుల్లో నేనొక్కదాన్నే బయల్దేరాను. ముందురోజు మా ఆయనకి అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. తోడు వస్తానన్నాడు, వద్దన్నాను. రైలు, బస్సు, చివర ఆటో. దారి నిండా లారీలే, కానీ నాకేమీ కాలేదు.

లాడ్జి పెద్దాయన గల్లా వెనక బీరువాలోంచి సంచి తీసి ఇచ్చాడు. అక్కగారు బాగున్నారా అని అడిగాడు. బాగుందన్నాను. ఆ వేసవిలో జలపాతం దారంలా సన్నగా ఉండేదని, ఆవిడ వచ్చిన రోజు మాత్రం నీళ్లు ఎక్కడ్నుంచి వచ్చాయో తనకీ తెలీదని అన్నాడు. మెట్లు దిగి చూడమన్నాడు. నేను దిగలేదు.

ఇప్పుడు మా ఇంట్లో రెండు సంచులున్నాయి. పట్టీ లేనిది మిషను పెట్టెలో, పట్టీ ఉన్నది నా బీరువాలో. పక్కపక్కన పెట్టి చూశాను. ఒకే ముక్కలు, ఒకే కుట్టు. జేబు మూల అప్ప ఎప్పుడూ వేసే రెట్టింపు కుట్టు రెండింటికీ ఉంది. పిల్లదాని నల్ల జీన్సు ఇంట్లో చిరగకుండా అలాగే ఉంది. ఇలాంటి ముక్కలు మెటియాబ్రుజ్‌లో బస్తాల కొద్దీ దొరుకుతాయి, ఎవరైనా కుట్టొచ్చు అని నాకు నేనే చెప్పుకుని చూశాను. ఏప్రిల్ నెలంతా అప్ప వీధి గుమ్మం దాటలేదు. నాకు తెలిసిన ఏ సైన్సూ దీనికి సరిపోలేదు. ఇవాళ్టికీ నాకు అర్థం కాలేదు.

ఆ సంచి నేను లాడ్జి అరుగు మీదే విప్పాను. లోపల ఐదు తువ్వాళ్లు. ఆకుపచ్చ, నీలం, ఎరుపు, పసుపు దారాలు వేసినవి నాలుగూ ఇస్త్రీ మడత విప్పకుండా ఉన్నాయి. తెల్లదారం వేసింది నీళ్లు పిండి ఆరేసినట్టు ముడతలు పడి ఉంది.

అప్పుడు నాకు తెలిసింది. దారిలో మాకేదో అయిందని కాదు మేం చేరకపోవడం. నేను ఆపేశాను గనక చేరలేదు. పిల్లలు బాగున్నారు, మా ఆయన బాగున్నాడు, నేనూ రాయిలా ఉన్నాను. మా తువ్వాళ్లు కూడా మోసుకుని అప్ప అక్కడిదాకా వెళ్లింది. చీకటి పడేదాకా మా కోసం ఆ అరుగు మీద కూర్చుని రోడ్డు వైపు చూసింది.